రెండు భాషల పిల్లలు - ఒక కంప్యూటర్ గది

చంద్రపూర్ జిల్లా దక్షిణపు అంచున ఉన్న రాజురా, కోర్పనా, జివతి తాలూకాలలో ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష మాట్లాడే పిల్లలు కొత్త కాదు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు రాజురా ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో భాగంగా ఉండేది. సరిహద్దు గీత మారినది గాని, ఇళ్ళలోని భాష మారలేదు. జివతి తాలూకాలోని 14 గ్రామాలను ఒకవైపు మహారాష్ట్ర, మరొకవైపు తెలంగాణలోని కెరమెరి మండలం తమవిగానే లెక్కించుకొంటూ వచ్చాయి. వాటిలో కొన్ని ఊళ్ళలో మరాఠీ బడి, తెలుగు బడి రెండూ నడిచాయి. బల్లార్‌పూర్, చంద్రపూర్ పట్టణాలలోనూ, బొగ్గు గనుల పరిసరాలలోనూ తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి.

ఇటువంటి కుటుంబాల పిల్లలలో అధికులు తెలుగు మాట్లాడగలరు. మరాఠీ చదవగలరు, వ్రాయగలరు. తెలుగు మాత్రం నోటికే పరిమితమై, చేతికి అందకుండా పోతున్నది. నాయనమ్మ చెప్పిన కథను మనుమడు వినగలడు గాని వ్రాసి ఉంచలేడు. ఒక తరం గడిస్తే వినేవారు కూడా తగ్గిపోతారు.

బడిలోని కంప్యూటర్ గదికి ఈ సమస్యతో సంబంధమేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. సంబంధం ఉన్నది. చాలా చోట్ల ఆ గదిని రెండే విధాలుగా వాడుతున్నారు. పిల్లల చేత మానిటర్, మౌస్, కీబోర్డ్ అంటూ భాగాల పేర్లు వల్లె వేయించడం ఒకటి, వీడియో పెట్టి కూర్చోబెట్టడం రెండవది. రెండింటిలోనూ పిల్లవాడు చేసేది ఏమీ లేదు. అదే గదిలో పిల్లలు తమ రెండు భాషలతో బొమ్మలు, ముగ్గులు, కథలు, పట్టికలు తయారు చేయగలిగితే, కంప్యూటర్ చూచే పెట్టెగా కాక చేతి పనిముట్టుగా మారుతుంది. ఒకటవ తరగతి నుండి ఐదవ తరగతి వరకు పిల్లల చేత చేయించదగిన అటువంటి కొన్ని పనులను ఇక్కడ వివరిస్తున్నాము. వీటిలో దేనికీ నిత్యం ఇంటర్నెట్ అవసరం లేదు. కావలసిన ప్రోగ్రాములన్నీ ఉచితంగా లభించేవే. తాలూకా కేంద్రంలో ఒకసారి దింపుకొని పెన్ డ్రైవ్‌లో తెచ్చుకొంటే చాలు.

మొదటి మెట్టు: కరెంటు లేని కంప్యూటర్ పాఠం

వానాకాలంలో కరెంటు పోవడం సరిహద్దు గ్రామాలకు అలవాటే. కరెంటు లేని రోజున కంప్యూటర్ పీరియడ్ వృథా కానవసరం లేదు. న్యూజీలాండ్‌లో 1990లలో టిమ్ బెల్ మొదలైన అధ్యాపకులు కంప్యూటర్ లేకుండానే కంప్యూటర్ శాస్త్రాన్ని పిల్లలకు చెప్పే ఆటలను రూపొందించారు. వాటిలో అట్టముక్కల ఆట ప్రసిద్ధమైనది.

ఐదు అట్టముక్కలపై వరుసగా 16, 8, 4, 2, 1 చుక్కలు పెట్టాలి. ఐదుగురు పిల్లలు ఒక్కొక్క అట్ట పట్టుకొని వరుసగా నిలబడతారు. ఉపాధ్యాయుడు ఒక సంఖ్య చెప్పగానే, ఆ మొత్తం వచ్చేటట్లు కొందరు చుక్కలు చూపాలి, మిగిలినవారు అట్టను వెనుకకు త్రిప్పాలి. 21 అంటే 16, 4, 1 పట్టుకొన్నవారు చూపుతారు. 8, 2 పట్టుకొన్నవారు త్రిప్పుతారు. ఈ ఐదు అట్టలతో సున్నా నుండి 31 వరకు ఏ సంఖ్యనైనా చూపవచ్చు. కంప్యూటర్ లోపల జరిగేది కూడా ఇదే. దానికి ‘ఉన్నది’, ‘లేదు’ అనే రెండు స్థితులే తెలుసు. సంఖ్యలు, అక్షరాలు, బొమ్మలు అన్నీ ఆ రెండింటితోనే అల్లుతుంది.

ఇంకొక ఆటకు బడి ముంగిలి చాలు. తొక్కుడుబిళ్ళ ఆటకు గీసినట్లు నేలపై గళ్ళు గీయాలి. ఒక విద్యార్థి యంత్రంగా నిలబడాలి. మిగిలినవారు వంతులవారీగా ఆజ్ఞలిస్తారు. ఒక జట్టు తెలుగులో ‘ముందుకు, కుడికి, ఎడమకు’ అనాలి. రెండవ జట్టు మరాఠీలో ‘పుఢే, ఉజవీకడే, డావీకడే’ అనాలి. చెప్పినది తప్ప మరొకటి యంత్రం చేయరాదు. ఆజ్ఞ తప్పయితే యంత్రం గోడకు కొట్టుకొంటుంది, అందరూ నవ్వుతారు. ఆ నవ్వులోనే పాఠమున్నది. యంత్రం తనంతట తాను ఆలోచించదు, చెప్పినది చెప్పినట్లు చేస్తుంది, కనుక చెప్పేవారు స్పష్టంగా, వరుసగా చెప్పాలి. భాష ఏదైనా ఆజ్ఞల వరుస మారదని కూడా పిల్లలకు తెలియకుండానే తెలుస్తుంది.

ఒకటి, రెండు తరగతులకు: బొమ్మల పలక

చిన్న పిల్లలకు మొదట కావలసినది మౌస్ మీద చేతి పట్టు. దానికి టక్స్ పెయింట్ అనే బొమ్మల ప్రోగ్రాం తగినది. 2002లో వెలువడిన ఈ ప్రోగ్రాం పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది. మరాఠీ, తెలుగులతో సహా అనేక భాషలలోకి అనువాదమైనది. కుంచెలు, రంగులు, అచ్చులు, శబ్దాలు ఉండడం వలన పిల్లలు సులభంగా అలవాటు పడతారు.

అయితే ఊరకే ‘బొమ్మ వేయండి’ అంటే పిల్లలందరూ ఒకే విధంగా రెండు కొండలు, సూర్యుడు, ఒక ఇల్లు వేస్తారు. పని స్పష్టంగా ఉండాలి. ‘మీ ఇంటి నుండి బడి వరకు దారి గీయండి. దారిలో కనిపించే నాలుగు వస్తువులు పెట్టండి’ అన్నప్పుడు బావి, పత్తిచేను, గుడి, రచ్చబండ తెర మీదకు వస్తాయి. బల్లార్‌షా జంక్షన్ దగ్గర పిల్లలు రైలు గీస్తారు. వర్ధా నది ఒడ్డున ఉన్న పిల్లలు నదిని, దాని అవతలి ఊరిని గీస్తారు. తాడోబా అడవి దగ్గరివారు పులిని మరువరు. గీసిన తరువాత ఒక్కొక్కరు తమ బొమ్మ గురించి మూడు వాక్యాలు చెప్పాలి. ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పినా అభ్యంతరం ఉండరాదు. ఐదవ తరగతి వరకు సాధ్యమైనంతవరకు ఇంటి భాషలో బోధన జరగాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా సూచించినది.

మూడవ తరగతికి: రెండు లిపులు, ఒకే మీట

సరిహద్దు పిల్లలకు కంప్యూటర్ ఇచ్చే అసలైన వరం ఇక్కడ ఉన్నది. ఇది చాలామంది పెద్దలకు కూడా తెలియదు.

భారతీయ భాషలన్నిటికీ కలిపి మన దేశంలో ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికను 1980లలో రూపొందించారు. విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ ఇది ముందే ఉంటుంది. కొనవలసిన పని లేదు. దీనిలో ఒక అక్షరం ఏ మీట మీద ఉన్నదో అన్ని భాషలలోనూ ఆ మీట మీదనే ఉంటుంది. ఇంగ్లీషు ‘కె’ మీట నొక్కితే మరాఠీ అమరికలో దేవనాగరి ‘క’ వస్తుంది. తెలుగు అమరికలో తెలుగు ‘క’ వస్తుంది. ఇంగ్లీషు ‘సి’ మీద రెండింటిలోనూ ‘మ’ ఉన్నది. ‘ఇ’ మీట మీద దీర్ఘం ఉన్నది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లులలో ఎక్కువ భాగం కుడి చేతి వైపు ఉంటాయి. అంటే మరాఠీ టైపు నేర్చిన పిల్లవాడికి తెలుగు టైపు సగానికి పైగా వచ్చినట్లే.

‘మామ’ అనే మాటను తీసుకొందాము. తెలుగులో ‘సి, ఇ, సి’ అనే మూడు మీటలు నొక్కాలి. మరాఠీలో చివర మరొకసారి ‘ఇ’ నొక్కితే ‘మామా’ అవుతుంది. ‘అక్క’కు కూడా అంతే, చివర దీర్ఘం చేరిస్తే మరాఠీ ‘అక్కా’. తెలుగు చెండు మరాఠీలో ‘చెండూ’ అయి బంతికి పేరైనది. మన అడకత్తెర అక్కడ ‘అడకిత్తా’. ఇటువంటి జంట మాటలను పిల్లలు ఇంట్లో అడిగి తెలుసుకొని రావాలి. బడిలో రెండు లిపులలో ప్రక్క ప్రక్కన టైపు చేసి, ఒక్కొక్క మాటకు బొమ్మ జోడించాలి. వారానికి ఐదు మాటలు చేర్చినా సంవత్సరాంతానికి ఆ తరగతికి సొంత బొమ్మల నిఘంటువు తయారవుతుంది.

దీని వెనుక ఉన్న లెక్క పెద్ద పిల్లలకు ఆశ్చర్యం కలిగిస్తుంది. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. ప్రపంచ భాషలన్నిటికీ ఆ సంఖ్యలను నిర్ణయించే పద్ధతిని యూనికోడ్ అంటారు. దానిలో దేవనాగరి ‘క’ సంఖ్య 2325. తెలుగు ‘క’ సంఖ్య 3093. తేడా 768. దేవనాగరి ‘మ’ 2350. తెలుగు ‘మ’ 3118. ఇక్కడ కూడా తేడా 768. రెండు లిపుల పట్టికలను ఒకే వరుసలో పేర్చడమే దీనికి కారణం. మొదటి గడిని సున్నాగా లెక్కిస్తే రెండు పట్టికలలోనూ ‘క’ 21వ గడిలో ఉంటుంది. అట్టముక్కల ఆటలో 16, 4, 1 చూపిన ముగ్గురు పిల్లలు తెలియకుండానే ‘క’ గడిని చూపినారన్న మాట. ‘మ’ 46వ గడిలో ఉన్నది కనుక దానికి 32 చుక్కల అట్టతో ఆరవ విద్యార్థి కావాలి.

ఇది చేతివ్రాతకు బదులు కాదు. ఒత్తులు తెలుగులో అక్షరం క్రిందకు దిగుతాయి. వాటి ఆకారాలను పలక మీద దిద్ది నేర్చుకోవలసినదే. మరాఠీలో లేని పొట్టి ‘ఎ’, ‘ఒ’లకు తెలుగు అమరికలో వేరే మీటలు గుర్తుంచుకోవాలి. కాని తెలుగు లిపి అంటే భయపడే పిల్లవాడికి, తనకు తెలిసిన మీటే నొక్కితే తెలుగు అక్షరం తెర మీద కనిపించడం మంచి ప్రోత్సాహం.

నాలుగవ తరగతికి: ముగ్గు గీసే తాబేలు

1967లో సేమూర్ పేపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్జిగ్ అమెరికాలో పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను తయారు చేశారు. దానిలో తెర మీద ఒక తాబేలు ఉంటుంది. ‘ఇంత ముందుకు నడువు, ఇంత తిరుగు’ అని ఆజ్ఞలిస్తే అది నడిచిన దారి గీతగా మిగులుతుంది. దక్షిణాఫ్రికాలో పుట్టిన పేపర్ట్ 2016లో మరణించాడు. యంత్రం పిల్లవాడికి పాఠం చెప్పడం కాదు, పిల్లవాడే యంత్రానికి పని నేర్పాలి అన్నది ఆయన భావం. నేడు స్క్రాచ్ అనే ప్రోగ్రాంలో కూడా ఈ గీతల పని చేయవచ్చు.

చతురస్రానికి ఆజ్ఞ ఇది: ‘100 అడుగులు ముందుకు, 90 డిగ్రీలు కుడికి, దీనిని 4 సార్లు చెయ్యి’. త్రిభుజానికి 120 డిగ్రీలు, 3 సార్లు. ఆరు భుజాల బొమ్మకు 60 డిగ్రీలు, 6 సార్లు. మూడింటిలోనూ గుణిస్తే 360 వస్తుంది. తాబేలు ఒక పూర్తి చుట్టు తిరిగి బయలుదేరిన దిక్కుకే వచ్చినదని అర్థం. ఐదు మూలల నక్షత్రానికి 144 డిగ్రీలు, 5 సార్లు. గుణిస్తే 720, అంటే రెండు చుట్లు. ఈ సంగతిని ఉపాధ్యాయుడు చెప్పరాదు. పిల్లలు తామే కనుగొనాలి.

తరువాతి మెట్టు ముగ్గు. చతురస్రాన్ని ఒకసారి గీసి, 60 డిగ్రీలు తిప్పి మళ్ళీ గీస్తూ ఆరుసార్లు చేస్తే తెర మీద పూవు విచ్చుకొంటుంది. ఇంటి వాకిట తల్లి వేసే ముగ్గులో కూడా ఒకే ముక్క చుట్టూ తిరిగి వస్తుంది కదా. పిల్లలు ఇంటి నుండి ఒక ముగ్గును కాగితం మీద వేయించుకొని రావాలి. దానిలో తిరిగి తిరిగి వచ్చే ముక్క ఏది, అది ఎన్నిసార్లు వచ్చినది, ఎంత తిరిగినది అని లెక్కించి, తాబేలు చేత వేయించాలి. అక్షరం రాని తల్లి కూడా ఈ పాఠానికి గురువే.

ఐదవ తరగతికి: మాట్లాడే కథ, వాన లెక్క

స్క్రాచ్‌ను అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం తయారు చేసి 2007లో విడుదల చేసినది. ఆజ్ఞలను టైపు చేయకుండా రంగు దిమ్మెలను ఒకదాని క్రింద ఒకటి అతికించడం దీని పద్ధతి. ఇది ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు ఉద్దేశించినది. ఇంకా చిన్నవారికి స్క్రాచ్ జూనియర్ 2014లో వచ్చినది. దీనిలో బొమ్మలు కదులుతాయి, మాట్లాడతాయి. మైకు ఉంటే పిల్లల గొంతు కూడా ఎక్కించవచ్చు. బొమ్మ పలికే మాటను తెలుగు లిపిలోనూ, దేవనాగరిలోనూ వ్రాయవచ్చు.

కథకు విషయం దూరంగా వెదకనవసరం లేదు. విదర్భలో ఎద్దులను అలంకరించే పోళా పండుగ, తెలుగువారి పొలాల అమావాస్య ఒకే రోజున వస్తాయి. మరునాడు పిల్లలు కొయ్య ఎద్దులతో తాన్హా పోళా జరుపుకొంటారు. పిల్లలు టక్స్ పెయింట్‌లో ఎద్దు బొమ్మ వేసి, దానిని స్క్రాచ్‌లోకి తెచ్చి, మూడు దృశ్యాలలో కథ అల్లవచ్చు: ఎద్దును కడగడం, అలంకరించడం, ఊరేగించడం. తాత మరాఠీలో అడిగితే మనుమరాలు తెలుగులో బదులు చెప్పవచ్చు. ఇంట్లో జరిగేది అదే కనుక కృత్రిమంగా ఉండదు.

గోండి, కొలామి మాట్లాడే పిల్లలున్న తరగతిలో మూడవ గొంతుకు కూడా చోటివ్వాలి. ఆ రెండు భాషలూ తెలుగుకు చుట్టాలే; ద్రావిడ కుటుంబానికి చెందినవే. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో వెలుగు చూచిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించినది. చిన్న భాషకు కంప్యూటర్‌లో చోటు లేదన్న మాట ఇక చెల్లదు.

కథతో పాటు లెక్క కూడా కావాలి. జూన్ చివర బడి తెరచిన నాటి నుండి సెప్టెంబరు వరకు వాన కొలిచే పని ఐదవ తరగతికి అప్పగించవచ్చు. అడుగు చదునుగా, ప్రక్కలు నిటారుగా ఉన్న డబ్బాను చెట్లకు, చూరుకు దూరంగా ఆరుబయట ఉంచాలి. ప్రతిదినం ఒకే సమయాన నీటి ఎత్తును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి, డబ్బా ఖాళీ చేయాలి. ఆ అంకెలను లిబ్రె ఆఫీస్ వంటి ఉచిత ప్రోగ్రాంలోని పట్టికలో నింపితే నిలువు కడ్డీల చిత్రంగా మారుతుంది. ఏ వారం వాన పడలేదో ఒక చూపులో తెలుస్తుంది. పత్తి, సోయాబీన్ వేసిన తండ్రికి ఆ చిత్రం ఉపయోగపడే కాగితం. బడిలో చేసిన పని ఇంటికి పనికి వచ్చినదని పిల్లవాడు గ్రహిస్తాడు.

గది నడిపే పద్ధతి

1999లో సుగతా మిత్రా ఢిల్లీ కాల్కాజీలో ఒక గోడకు కంప్యూటర్ అమర్చి, చుట్టుప్రక్కల పిల్లలకు వదిలివేశారు. పిల్లలు గుంపుగా చేరి ఒకరికొకరు చెప్పుకొంటూ దానిని వాడడం నేర్చుకొన్నారు. కంప్యూటర్లు తక్కువని బాధపడే బడులకు ఈ అనుభవం పనికివస్తుంది. ఒక కంప్యూటర్ దగ్గర ముగ్గురు కూర్చోవచ్చు. ఒకరు మౌస్ పట్టాలి, ఒకరు చేయవలసినది పుస్తకంలో గీసి చూపాలి, మూడవవారు తప్పులు గమనించాలి. పది నిమిషాలకు ఒకసారి స్థానాలు మారాలి. గడుసు పిల్లలే మౌస్ పట్టుకొని, ఆడపిల్లలు, బిడియస్తులు వెనుక నిలబడే పరిస్థితి రాకుండా ఈ మార్పిడిని కచ్చితంగా పాటించాలి. అయినా పిల్లలను పూర్తిగా యంత్రానికి వదలివేయడం తగదు. పని నిర్ణయించడానికి, ప్రశ్న అడగడానికి ఉపాధ్యాయుడు ఉండవలసినదే.

పిల్లల పేరు, ఊరు, ఫోటో ఇంటర్నెట్‌లో పెట్టరాదు. వారి పనిని అచ్చు తీసి బడి గోడకు అంటిస్తే చాలు. ఊరివారు చూచి మెచ్చుకొంటే అంతకంటె పెద్ద బహుమతి లేదు.

తల్లిదండ్రుల చేతిలో ఉన్నది

ఇది ఉపాధ్యాయుని పని, మనకేమి సంబంధం అని తల్లిదండ్రులు ఊరకుండరాదు. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడికి పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలి. దానిలో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులు లేక సంరక్షకులే. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు. మహారాష్ట్ర బడులలో దీనినే ‘శాళా వ్యవస్థాపన్ సమితి’ అంటారు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం ఈ కమిటీ బాధ్యత. కంప్యూటర్ గది వారానికి ఎన్ని పీరియడ్లు తెరుస్తున్నారు, ప్రతి తరగతికీ వంతు వస్తున్నదా, చెడిన యంత్రాన్ని బాగుచేయించే వారెవరు అని సమావేశంలో అడగడం తల్లిదండ్రుల హక్కు. తెలుగు పిల్లలున్న బడిలో మరాఠీతో పాటు తెలుగు కీబోర్డును కూడా పెట్టమని అడగవచ్చు. ఆ పనికి ఖర్చు లేదు, ఐదు నిమిషాల సమయం చాలు. మహారాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి తెలుగులో కూడా పుస్తకాలు ప్రచురించినది కనుక, ఆ రాష్ట్రంలో తెలుగు అక్షరం అడగడం కొత్త కోరిక కాదు.

ఇంట్లో చేయవలసినది ఇంకా సులభం. బడి నుండి వచ్చిన బిడ్డను ‘కంప్యూటర్‌లో ఏమి చూచావు?’ అని కాక, ‘ఏమి చేశావు?’ అని అడగాలి. ఒక ముగ్గో, ఒక కథో, నాయనమ్మ మాటలలో ఐదు మాటలో పేర్కొంటే ఆ గది తన పని తాను చేస్తున్నదని అర్థం. ఏమీ చెప్పలేకపోతే, వచ్చే కమిటీ సమావేశంలో అడగవలసిన ప్రశ్న దొరికినదని గ్రహించాలి.